హోదాకి తగ్గ మోతాదు

మా ఆఫీసులో ఆడవాళ్ళకి హార్మోన్లున్నాయన్న సంగతి కిందటేడాది జులైలో అధికారికంగా తెలిసింది. అంతకు ముందు ఉండేవో లేవో రికార్డుల్లో లేదు.

మాది దరఖాస్తు ఫారాల శాఖ. మిగతా శాఖలన్నీ జనం దగ్గర దరఖాస్తులు తీసుకుంటాయి. ఆ దరఖాస్తు ఎలా ఉండాలో తేల్చేది మేము. తండ్రి పేరు ముందు రావాలా పిన్‌కోడు ముందు రావాలా అన్న దాని మీద మా దగ్గర పదేళ్ళుగా నలుగుతున్న ఫైళ్ళున్నాయి. జిల్లా ఆఫీసులో అరవై మందిమి, అందులో ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు. నేను బి సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. ఎంత పనికిమాలిన పనికైనా పద్ధతిగా పేరాలు పేర్చగలనని నాకు కాస్త పేరుంది.

జులైలో ఆరోగ్య శిబిరం పెట్టారు. డాక్టర్ సుభాషిణి గారని, జిల్లా ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసే చిన్నావిడ, ఇరవై ఆరుగురికీ రక్తపరీక్షలు చేసి, పదకొండు మందికి థైరాయిడ్ గ్రంథి బద్ధకించిందని తేల్చారు. ఈ గ్రంథి మెడలో ఉంటుందట. మా జాయింట్ డైరెక్టరు, మేం జేడీ అనే పరాంకుశం గారు మాత్రం గ్రంథి అనగానే గ్రంథాలయమనుకుని, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగారు.

ఈ జబ్బుకి లక్షణాలు చాలా ఉన్నాయి. ఒళ్ళు వస్తుంది, జుట్టు పోతుంది, నెలసరి దారి తప్పుతుంది, నిద్ర తీరదు, గొంతు బొంగురుపోతుంది, నిన్న పెట్టింది ఇవాళ గుర్తుండదు. వీటికి మా ఆఫీసులో అంతవరకూ వైద్యం లేదనడం అన్యాయం. ఉండేది. ఒళ్ళొస్తే తిండి తగ్గించమ్మా అనే సలహా, జుట్టు రాలితే జాలి, నిద్రకి మెమో, మరుపుకి ఇంకో మెమో. ఏడుపొస్తే ఇంట్లో గొడవని రోగనిర్ధారణ. కోపమొస్తే మాత్రం మగాళ్ళందరం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుని చిన్నగా నవ్వుకునేవాళ్ళం. అది శస్త్రచికిత్స.

ఈ వైద్యమంతా పూర్తిగా అందుకున్న మనిషి రికార్డ్ అసిస్టెంట్ నూకరత్నం. నలభై రెండేళ్ళుంటాయి. భర్త ఇదే ఆఫీసులో పనిచేస్తూ పోతే ఆవిడకా ఉద్యోగం ఇచ్చారు. రికార్డు రూములో నలభై వేల ఫైళ్ళుంటే, ఏది ఏ బీరువాలో ఎన్నో కట్టలో ఉందో రిజిస్టరు ముట్టుకోకుండా చెప్పేది. రెండేళ్ళుగా ఆ జ్ఞాపకం జారిపోతూ వచ్చింది. మే నెల ఎండల్లో శాలువా కప్పుకుని కూచునేది. గొంతు ఎంత మారిందంటే ఫోనెత్తితే అవతలివాళ్ళు ‘సార్’ అనేవారు. ఆ పదవిలో ఉండి సార్ అనిపించుకున్న మనిషి మా శాఖ మొత్తానికి ఆవిడొక్కతే. అప్పటికి మూడు మెమోలు పడ్డాయి. నాలుగోది పడితే ఉద్యోగం ఊడుతుంది.

రక్తంలో అయిదు లోపు ఉండాల్సిన అంకె నూకరత్నానికి అరవై రెండు వచ్చింది. జేడీ గారు ఫస్ట్‌క్లాసు వచ్చిన మనిషికి మందెందుకన్నారు. అంకె పెరిగితే హార్మోను తగ్గినట్టని డాక్టరు గారు చెప్పాల్సొచ్చింది. ఆవిడ బరువునీ రక్తాన్నీ చూసి రోజుకో నూరు మైక్రోగ్రాముల మాత్ర రాసి, పరగడుపున వేసుకో, మూడు నెలల్లో మామూలు మనిషివవుతావన్నారు.

“ఆయ్, ఆ మామూలు మనిషిని చూసి చాలా కాలమైందండి. ఎదురొస్తే గుర్తుపడతానో లేదో,” అంది నూకరత్నం.

మా సూపరింటెండెంటు భ్రమరాంబ గారికి లోపం కొంచెమే. పాతిక మైక్రోగ్రాములు రాశారు. మిగతా తొమ్మండుగురికీ ఎవరి రక్తాన్ని బట్టి వాళ్ళకి. అంతటితో కథ అయిపోవాలి. మామూలు ఊళ్ళో, మామూలు మందుల షాపులో అయిపోయేది కూడా.

కానీ డాక్టరు గారు తన నివేదికలో ‘హార్మోన్ల అసమతుల్యత’ అని రాశారు. ఆ మాట చూసి జేడీ గారు మండిపడ్డారు. తన ఆఫీసులో ఏ రిజిస్టరులోనూ అసమతుల్యత లేదని, ఉద్యోగినుల్లో మాత్రం ఉంటే ఆడిట్‌కి ఏం సమాధానం చెప్పాలని మీటింగులో అడిగారు. పై ఆఫీసుకి రాశారు. పై ఆఫీసువాళ్ళు ‘మహిళా ఉద్యోగుల అంతఃస్రావ సమతుల్య సాధన పథకం’ ప్రకటించి, ఇకమీదట మాత్రలు శాఖే ఇస్తుందన్నారు. రోజూ పదిన్నరకి, హాజరు పట్టీలో సంతకం పెట్టాక, ఆఫీసులోనే మింగాలి. మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఆ తరవాత గంట దాకా ఏమీ తినకూడదు. అంటే డోసుకీ దోసెకీ మధ్య గంట. పదకొండు మందీ పొద్దున్నించీ కడుపు మాడ్చుకుని వరసలో నించుని, పదకొండున్నరకి టిఫిన్ డబ్బాలు విప్పేవారు. పని వేళల్లో ఫలహారం చేస్తున్నారని వాళ్ళకో హెచ్చరిక కూడా వెళ్ళింది. అది టైపు చేసింది నేనే.

మాత్రల పంపిణీ జాబితా తయారు చేసి సంతకానికి పెడితే జేడీ గారు నన్ను పిలిపించారు. ఎర్ర పెన్సిలు రెండు పేర్ల మధ్య ఊగుతోంది.

“ఇదేమిటయ్యా, రికార్డ్ అసిస్టెంటుకి వందా, సూపరింటెండెంటుకి పాతికా?”

రక్తాన్ని బట్టి రాశారన్నాను.

“రక్తానికి కేడరుండదా? డైరెక్టరు గారి శ్రీమతి యాభై వేసుకుంటారు, నాకు తెలుసు. రేపు ఆవిడ తనిఖీకొస్తే, ఆవిడ ముందు ఈవిడ వంద మింగి ఎలా నించుంటుంది?”

 దీనికి సమాధానం చెప్పడం సీనియర్ అసిస్టెంటు స్థాయికి మించిన పని. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు రాశాను. ‘కింది స్థాయి ఉద్యోగిని, తన పై స్థాయి ఉద్యోగిని కంటె ఎక్కువ పరిమాణంలో హార్మోను కలిగి ఉండుట పాలనా క్రమానికి భంగకరమైనందున’ అని మొదలుపెట్టి, ఆఫీస్ సబార్డినేటుకి పన్నెండున్నర, రికార్డ్ అసిస్టెంటుకి పాతిక, జూనియర్ అసిస్టెంటుకి యాభై, సీనియరుకి డెబ్బై అయిదు, సూపరింటెండెంటుకి వంద అని పట్టిక వేశాను. బయట కొనుక్కోవడం నిషిద్ధం. ప్రభుత్వం ఇచ్చినదాని మీద సొంతంగా కలుపుకోవడం ప్రభుత్వ మోతాదుని కించపరచడమే అవుతుంది. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేసి ఎవరి హార్మోను ఏ హోదాలో ఉందో చూస్తారు.

హోదాని బట్టి మోతాదు. పట్టిక చూడ్డానికి చాలా అందంగా వచ్చింది. నూకరత్నానికి మాత్ర అందింది గానీ ఏమాత్రమూ చాలలేదు.

పట్టిక పైన ఒక గడి ఖాళీగా ఉండిపోయిందని జేడీ గారే కనిపెట్టారు. ఆఫీసుకి పెద్ద తను. సూపరింటెండెంటు వంద మింగుతుంటే తను ఉత్త మంచినీళ్ళు తాగి కూచోవడమా? పథకం ఆడవాళ్ళకి కదా సార్ అని నేను నసిగాను. పదవికి ఆడా మగా లేదన్నారు. ఆయనకి ఏ జబ్బూ లేదు. పదవి కోసం పట్టికలో నూట యాభై రాయించుకుని, రోజూ పదిన్నరకి వరస ముందు నించుని, అందరికీ కనపడేలా మింగేవారు.

నెల తిరిగేసరికి మా జేడీ గారు వేరే మనిషయ్యారు. పొద్దున్న ఏడింటికే ఆఫీసులో ఉండేవారు. ఏసీ గదిలో చెమటలు కక్కుతూ పదేళ్ళ ఫైళ్ళు పది రోజుల్లో తెగ్గొట్టారు. పిన్‌కోడు తండ్రి పేరుని ఓడించింది. ప్యాంట్లు వదులైపోయాయి. నిద్ర పట్టేది కాదు. చెయ్యి వణికి సంతకం కాస్తా పిల్లలు గీసిన కొండల బొమ్మలా తయారైంది. తను ఒక డోసు వేసుకుని మాకు పూటకి నాలుగు డోసులిచ్చేవారు. గుమాస్తాల మీద స్టేప్లర్లు విసిరేవారు. జిల్లాలో అత్యంత చురుకైన అధికారిగా ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది. ఆయన చెమటని మేం శ్రమన్నాం. ఆయన అరుపుని క్రమశిక్షణన్నాం. ఆయనకి నిద్ర పట్టకపోతే బాధ్యతన్నాం. ఒక్కడంటే ఒక్కడు కూడా సార్‌కి హార్మోన్లేమో అని నవ్వలేదు, నిజంగా హార్మోన్లే అయినా.

ఇక్కడ భ్రమరాంబ గారు వందతో గుండెలు పట్టుకుని కుర్చీలో కూచుంటే, అక్కడ నూకరత్నం పాతికతో ఫైళ్ళ కట్టల మీద తలవాల్చి నిద్రపోయేది. నాలుగో మెమో టైపు మిషను ఎక్కడానికి సిద్ధంగా ఉంది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల గదిలో భ్రమరాంబ గారు నూకరత్నం పక్కన కూచున్నారు. ఒకావిడ చేతులు వణుకుతున్నాయి, ఇంకొకావిడ చేతులు లేవడం లేదు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. మర్నాటి నుంచి ఇద్దరూ మాత్ర నాలిక కింద పెట్టుకుని, నీళ్ళు తాగినట్టు తాగి, కారిడారు చివర మలుపులో మార్చుకునేవారు. మాత్ర తడిసిన సంగతి వాళ్ళు పట్టించుకోలేదు. నేను చూశాను. చూసినట్టు నోట్ పెట్టలేదు. నా సర్వీసులో నేను రాయకుండా వదిలిన నోట్ అదొక్కటే.

పథకం మొదలైన రెండున్నర నెలలకి శాలువా పోయింది. జుట్టు రాలడం ఆగింది. రికార్డు రూములోంచి పాట వినపడింది, కూనిరాగమే అయినా. తొంభై ఎనిమిది నాటి ఫైలు కావాలని నేను వెళితే తలెత్తకుండా పదకొండో బీరువా, కింద నుంచి రెండో అర, ఎర్రతాడు కట్ట అని చెప్పింది. ఫోనెత్తితే మేడమ్ అంటున్నారండి, మొదటిసారి ఎవరినోనని వెనక్కి చూశాను, అంది నవ్వుతూ.

మూడు నెలల పరీక్షొచ్చింది. అరవై రెండున్న అంకె మూడుకి దిగింది. డాక్టరు గారు సంతోషించి నివేదికలో ‘సంపూర్ణ ఆరోగ్యం’ అని రాశారు. కాంట్రాక్టువాళ్ళతో వచ్చిన చిక్కే అది, ఏం రాస్తే ఏమవుతుందో తెలీదు.

పాతిక మైక్రోగ్రాముల కేడరులో ఉన్న మనిషికి వంద మైక్రోగ్రాముల ఆరోగ్యం ఎక్కణ్ణుంచి వచ్చిందని జేడీ గారు బల్ల గుద్దారు. ఆదాయానికి మించిన ఆస్తులంటే మనకి తెలుసు. హోదాకి మించిన హార్మోన్ల కేసు రాష్ట్రంలో అదే మొదటిది. అభియోగ పత్రం నేనే రాశాను. పక్క జిల్లా నుంచి సహాయ సంచాలకులొకాయన విచారణాధికారిగా వచ్చారు. సాక్షులు గట్టివాళ్ళే దొరికారు. ఆవిడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగలేదని వాచ్‌మన్ చెప్పాడు. రెండు సందర్భాల్లో కారణం లేకుండా నవ్విందని ఒక జూనియర్ అసిస్టెంటు చెప్పాడు.

మిగులు హార్మోను ఎవరిచ్చారో చెప్పమని విచారణాధికారి నూకరత్నాన్ని పదే పదే అడిగారు. భ్రమరాంబ గారు అక్కడే, మినిట్స్ రాసుకుంటూ కూచున్నారు. ఆవిడ పెన్ను కదలడం లేదు.

“తెల్దండి. ఒంట్లోనే ఊరిందేమో,” అంది నూకరత్నం.

అనుమతి లేకుండా ఊరిందని ఆయన రాసుకున్నారు. డాక్టరు గారిని పిలిచారు. ఆవిడ చెప్పిందంతా ఒకటే: ఈమెకి కావలసింది వందే, అది అందింది కాబట్టి బాగుపడింది, మందు పనే అది. మీ నియామకం కాంట్రాక్టు కదా, వంద మంజూరు చేసే అధికారం మీకుందా అని ఆయన అడిగారు.

“గ్రంథికి సర్వీసు రూల్సు తెలీవండి,” అన్నారు డాక్టరు గారు.

తెలియకపోవడం మినహాయింపు కాదని తీర్పులో రాశారు. అక్రమంగా చేరిన డెబ్బై అయిదు మైక్రోగ్రాముల్ని ఆమె శరీరం నుంచి రాబట్టి శాఖకి జమచెయ్యాలన్నారు. అది కుదరదని డాక్టరు గారు మళ్ళీ చెప్పారు. రాబట్టడం వీలుకానప్పుడు మిగిలిన శిక్ష ఒక్కటే, ఉద్యోగం నుంచి తొలగింపు. ఉత్తర్వు నా చేతి మీదుగానే తయారైంది. నూకరత్నం వచ్చి నా బల్ల దగ్గర నించుంది. ఈ ఉద్యోగం తప్ప తనకి ఇంకేమీ లేదని నాకు తెలుసు కాబట్టి ఆ మాట అనలేదు.

“రోగంతో ఉంటే మూడు మెమోలిచ్చారు బాబూ. తగ్గితే ఏకంగా పొమ్మంటున్నారు. మధ్యలో ఏదో ఒక జబ్బు ఉంటాది కదా, మీకు నచ్చేది? అదేదో చెప్పండి, తెచ్చుకుంటాను.”

నేను ఫైలు తీసుకుని జేడీ గారి గదిలోకి వెళ్ళాను.

ఆయన ఉత్తర్వు చదవలేదు. చదివే ఓపిక ఆయనకి పోయి చాలా రోజులైంది. పెన్ను తీసి వణికే చేత్తో ‘పరాం’ దాకా పెట్టారు. ‘కుశం’ దగ్గర పెన్ను జారింది, ఆయనా జారారు. కుర్చీ పక్కన పడి, గుండె మీద చెయ్యేసుకుని నోరు తెరిచారు. అప్పటికే మూడో అంతస్తులోని రికార్డు రూముకి తిరిగి వెళ్ళిన నూకరత్నం నా అరుపుకి పరిగెత్తుకొచ్చింది. ఆయన కాలరు విప్పి, గుండె మీద చెయ్యేసి చూసింది. అంబులెన్సుకి ఫోను చేసి, స్పష్టమైన గొంతుతో ఆఫీసు పేరు, వీధి, మలుపు అన్నీ చెప్పింది. తరవాత స్ట్రెచరు వెనకాల నడుస్తూ, మూడు నెలల కిందటైతే తను మెట్లు దిగేసరికి సార్ వెళ్ళిపోయుండేవారంది.

ఆస్పత్రిలో డాక్టర్ సుభాషిణి గారు నాడి పట్టుకుని నా వంక చూశారు. ఈయనకి థైరాయిడ్ జబ్బు లేదు కదా, నూట యాభై ఎందుకు వేసుకుంటున్నారని అడిగారు.

“ఆయనకి లేదండి, పదవికుంది,” అన్నాను.

మాత్ర ఆపేశారు. గుండె లయ కుదుటపడ్డానికి ఆరు వారాల సెలవు రాశారు. ఆఫీసుకి భ్రమరాంబ గారు ఇన్‌ఛార్జి. ఆవిడ కుర్చీలో కూచుని ఆ దిక్కుమాలిన పట్టికని రద్దు చేద్దామన్నారు. ఇన్‌ఛార్జికి విధాన నిర్ణయాలు తీసుకునే అధికారం లేదని నేనే చెప్పాను. రూలు రూలే. ఆవిడ నా వంక చూశారు. పాతికేళ్ళుగా చూస్తున్నారు గానీ అలా ఎప్పుడూ చూడలేదు.

“నువ్వు ఇంత పనికిమాలిన పట్టికకి పేరాలు రాశావు కదా. పనికొచ్చే దానికి ఒక్క పేరా రాయలేవా, నాయనా?”

రాశాను. ఖాళీ అయిన పదవి బాధ్యతలు ఇంకొకరికి అదనంగా అప్పగించే అధికారం ఇన్‌ఛార్జికుంది. సూపరింటెండెంటు పై పదవిలోకి వెళ్ళారు కనుక ఆవిడ వంద ఖాళీ అయింది. ఆ బాధ్యతని రికార్డ్ అసిస్టెంటుకీ, అందువల్ల ఖాళీ అయిన పాతికని ఇన్‌ఛార్జి గారికీ ‘పూర్తి అదనపు బాధ్యత, మోతాదు వరకు మాత్రమే’ అని అప్పగించాను. మిగతా తొమ్మండుగురివీ అలాగే ఒకరివొకరికి సర్దితే, అచ్చం డాక్టరు గారు రాసిన చీటీల దగ్గరికే వచ్చి ఆగింది. రెగ్యులర్ అధికారి తిరిగి చేరేదాకా ఈ ఉత్తర్వు అమల్లో ఉంటుంది. తొలగింపు ఫైలు సగం సంతకంతో బీరువాలో పడుంది.

ఆరు వారాలూ ఆఫీసు ఆరోగ్యంగా నడిచింది. ఆరో వారం చివర జేడీ గారు చేరారు. ఒళ్ళు చేశారు, మొహం నిదానంగా ఉంది. ఇన్‌ఛార్జి ఉత్తర్వు దానంతటదే పడిపోయింది. పదిన్నరకి నూకరత్నం చేతిలో మళ్ళీ పాతిక పెట్టాను. విచారణ నాటి నుంచి మింగాక నోరు తెరిచి చూపించాలి కనుక మార్చుకునే వీల్లేదు. జేడీ గారు ముందుగా ఆ సగం సంతకం ఫైలే అడిగారు.

పెన్ను పెట్టబోయి ఆగారు. నేను పక్కన పెట్టిన చిన్న నోట్ కళ్ళబడింది. మొదటి సగం వణుకుతూ పడింది, రెండో సగం నిలకడగా పడుతుంది. ఒకే సంతకంలో రెండు చేతులున్నట్టు కనపడితే ఉత్తర్వు చెల్లదు. కోర్టుకెళితే మొదటికే మోసం. ఆయన తన చేతిని ముందుకి చాపి చూసుకున్నారు. అది కదలకుండా నిలబడింది. ఆ నిలకడ ఆయనకి నచ్చలేదు. మాత్ర ఆపిన దగ్గర్నుంచీ పదవి సగం తగ్గినట్టుందని, ఇవాళే మొదలుపెడతాననీ, చెయ్యి ఫైలుకి సరిపడా వణికాక సంతకం పూర్తి చేస్తాననీ అన్నారు. నూట యాభై తెప్పించారు.

నూకరత్నం గుమ్మంలో నించుని ఇదంతా వింది.

“వేసుకోకండి సార్,” అంది. “నా ఉద్యోగం సంగతి తరవాత. ఆ మాత్ర మీకు పడదు. మీరు కింద పడ్డప్పుడు మీ గుండెకాయ నా చేతికింద ఎలా కొట్టుకుందో మీకు తెల్దు, నాకు తెలుసు.”

జేడీ గారు ఆవిడ వంక కూడా చూడలేదు. నూట యాభై గురించి పాతిక సలహా ఇవ్వడమేమిటని నన్నడిగారు. చెప్పేదేమైనా ఉంటే సూపరింటెండెంటు ద్వారా రాతపూర్వకంగా పంపుకోమన్నారు. గుటకేశారు.

నూకరత్నం నిజంగానే రాసిచ్చింది. భ్రమరాంబ గారు సంతకం చేసి పైకి పంపారు. అది పిన్‌కోడు లేదన్న కారణం మీద తిరిగొచ్చింది.

డాక్టరు గారిని అడిగాను. రక్తంలో పాత వంద తాలూకు బలం కొన్ని వారాలు నిలుస్తుందని, నూకరత్నం కంగారు పడక్కర్లేదన్నారు. జేడీ గారి గుండె సంగతడిగితే, మళ్ళీ లయ తప్పడానికి అన్నాళ్ళు పట్టదన్నారు. నిన్న కాఫీ కప్పు సాసర్లో టకటకలాడింది. ఇవాళ పొద్దున్న ఏడింటికే వచ్చి స్టేప్లరు విసిరారు. ఆయన రోజూ తెల్లకాగితం మీద ‘కుశం’ రాసి, పాత ‘పరాం’ పక్కన పెట్టి పోల్చుకుంటున్నారు. ఇంకా కలవలేదు, దగ్గరికొచ్చింది.

నేను కొత్త ఇన్‌ఛార్జి ఉత్తర్వు టైపు చేసి సొరుగులో పెట్టాను. అదనపు బాధ్యతలు, మోతాదు వరకు మాత్రమే, పదకొండు పేర్లూ ఉన్నాయి. తేదీ ఒక్కటే ఖాళీ.